సమ్మతి పత్రాలు తీసుకుంటే సర్కారు బడిలో శ్లోకాల పీరియడ్ నడపవచ్చా?

ప్రశ్న: నేను తిరుపతి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు హెడ్మాస్టర్ని. ఏడాదిగా మా ఊరి భక్త సమాజం వాళ్లు వారానికి రెండు రోజులు, మధ్యాహ్న భోజనానికి ముందు పీరియడ్‌లో, ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు గీతా శ్లోకాలు, వాటి అర్థం, పూజా విధానం నేర్పుతున్నారు. పైసా తీసుకోరు. ఈ మధ్య ఒక ముస్లిం తండ్రి, ఒక క్రైస్తవ తల్లి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పారు. వాళ్ల పిల్లలిద్దరినీ ఆ సమయంలో వరండాలో కూర్చోమన్నాం. మిగతా తల్లిదండ్రుల దగ్గర సమ్మతి పత్రాలు తీసుకుని కొనసాగించవచ్చా? టీటీడీ బడుల్లో నేర్పుతున్నప్పుడు మా బడిలో ఎందుకు కూడదు? అమెరికాలో ఉన్న మా అన్న కొడుకు, అక్కడ బడి టైములోనే పిల్లల్ని మత పాఠాలకు పంపుతారని అంటున్నాడు. ఆ తల్లిదండ్రులకు ఏమని జవాబు రాయాలి?

జవాబు: మాస్టారూ, ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ పీరియడ్ ఆపేయండి. ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ సంతకం తెచ్చినా మీ బడిలో దాన్ని నడపడానికి వీల్లేదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు, రాజ్యాంగంలో ఉన్న మాట.

28వ అధికరణం ఒకసారి తీసి చదవండి, నాలుగైదు వాక్యాలకు మించి ఉండదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే ఏ విద్యాసంస్థలోనూ మత బోధన ఉండకూడదని మొదటి క్లాజు చెబుతుంది. అందులో సమ్మతి అనే మాట లేదు. ‘తల్లిదండ్రులు ఒప్పుకుంటే తప్ప’ అన్న మినహాయింపు లేదు. ఎక్కువ మంది ఇష్టపడితే ఫరవాలేదని లేదు. సమ్మతి మాట మూడో క్లాజులో వస్తుంది. అది ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ సాయం పొందే విద్యాసంస్థల గురించి. అక్కడ కూడా విద్యార్థి తన ఇష్టంతో, మైనరైతే తల్లిదండ్రులు లేదా సంరక్షకుల సమ్మతితో తప్ప మత బోధనలో గానీ ప్రార్థనలో గానీ పాల్గొనాల్సిన పనిలేదు. ఎవరో ఈ రెండు క్లాజులనూ కలిపేసి మీకు సమ్మతి పత్రాల సలహా ఇచ్చినట్టున్నారు. చాలామంది చేసే పొరపాటే ఇది, కోర్టు ఆవరణలో కూడా విన్నాను.

మీ టీటీడీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. తిరుపతిలో దేవస్థానం వారి బడులు, కాలేజీలు దేవస్థానం స్థాపించి పోషిస్తున్నవి. పూర్తిగా సర్కారు ఖజానా మీద నడిచేవి కావు. ధర్మగిరి వేద పాఠశాల లాంటిదైతే వేదం చెప్పడానికే పెట్టినది. మత బోధన జరగాలన్న షరతుతో ఏర్పడిన దానం లేదా ట్రస్టు కింద స్థాపించిన సంస్థను ప్రభుత్వం నిర్వహిస్తున్నా, మొదటి క్లాజు దానికి వర్తించదని రెండో క్లాజు చెబుతుంది. మీది జిల్లా పరిషత్ బడి. మీ జీతం, పిల్లల పుస్తకాలు, మధ్యాహ్న భోజనంలో పెట్టే గుడ్డు, అన్నీ ప్రజల సొమ్మే. ఇంకో మాట. దేవస్థానం బడిలోనైనా, చిత్తూరులోని ఏ మిషన్ స్కూల్లోనైనా మూడో క్లాజు వర్తిస్తుంది. మిషన్ స్కూల్లో చదివే హిందువుల అమ్మాయిని, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా బైబిల్ క్లాసులో కూర్చోబెట్టకూడదు. రేపు అలాంటి తండ్రి ఎవరైనా నాకు ఉత్తరం రాస్తే ఇదే అధికరణం చూపించి ఆయన పక్షాన మాట్లాడతాను.

‘పైసా తీసుకోరు’ అన్నారు. నిజమే కావచ్చు. కానీ మత బోధన ఉండకూడదని రాజ్యాంగం అన్నది, దానికి ఎవరు డబ్బు పెడుతున్నారని అడగలేదు. అయినా మీ గది వాడారు, టైంటేబుల్లో మీ పీరియడ్ వాడారు. ఆ సమయంలో పిల్లలు అల్లరి చేయకుండా మీ టీచరే కదా వెనక నిలబడి చూస్తున్నది! హాజరు తప్పనిసరి అయిన వేళలో, తలుపు దగ్గర టీచరు నిలబడి ఉండగా, ‘ఇష్టమైతేనే కూర్చో’ అన్న మాట పదకొండేళ్ల పిల్లకు ఎంతవరకు చేరుతుంది?

ఇక వరండా సంగతి. మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు గానీ, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. నేను చిత్తూరు దగ్గర సర్కారు బడిలో చదువుకున్నాను. ప్రార్థనలో నా పక్కన నిలబడే నేస్తం పెదవులు కదిలించేవాడు, గొంతు రాదు. పాట రాదేమో అనుకునేవాణ్ని. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్ల అమ్మాయి పెళ్లిలో అన్నం తింటూ చెప్పాడు: ‘మా ఇంట్లో ఆ పాట పాడొద్దన్నారు రా. పెదవులు కూడా కదపకపోతే సారు ముందుకు పిలిచి నిలబెడతాడని భయం.’ అన్నేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నాం, నాకు తెలియలేదు. మీ వరండాలో ఆ ఇద్దరు పిల్లలూ సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటారు. లోపల నలభై గొంతులు ఒక్కసారి శ్లోకం అందుకుంటాయి. గంట కొట్టాక బయటికొచ్చే ప్రతి పిల్లాడూ వాళ్లను చూస్తూ వెళ్తాడు. చట్టప్రకారం కూడా ఇది చిన్న విషయం కాదు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు. అయినా ఫిర్యాదు వచ్చిన రోజున అధికారులు చూసేది మీ ఉద్దేశాన్ని కాదు, వరండాను.

మీ అన్న కొడుకు చెప్పినది అబద్ధం కాదు, సగం నిజం. 1948లో మెకాలమ్ కేసులో, పబ్లిక్ స్కూలు భవనంలో బడి వేళల్లో నడిచిన మత తరగతులను అమెరికా సుప్రీంకోర్టు చెల్లవని కొట్టేసింది. ఆ కేసు వేసిన తల్లి కొడుకు తరగతికి వెళ్లకుండా విడిగా ఉండాల్సివచ్చిన పిల్లాడే. తర్వాత 1952లో జొరాక్ కేసులో, తల్లిదండ్రులు రాసిస్తే పిల్లల్ని బడి బయటికి మత తరగతులకు పంపడాన్ని అదే కోర్టు అనుమతించింది. అంటే అక్కడ కూడా బడి గదిలో కుదరలేదు. పైగా ఆ తీర్పులు అక్కడి రాజ్యాంగం మీద వచ్చినవి. మన దగ్గర 28వ అధికరణం విడిగా, స్పష్టంగా ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో దీనిపై చర్చ జరిగినప్పుడు, ఇన్ని మతాలున్న దేశంలో ప్రభుత్వ బడిలో అన్నిటికీ సమానంగా బోధన ఏర్పాటు చేయడం సాధ్యం కాదని అంబేద్కర్ వివరించారు. మీ భక్త సమాజాన్ని రానిస్తే, రేపు చర్చి పాస్టరు గారు, ఎల్లుండి మసీదు నుంచి హజరత్ గారు పీరియడ్ అడిగితే మీరు ఏ కారణం చెప్పి కాదంటారు? అందరికీ ఇస్తే లెక్కలు, సైన్సు ఎప్పుడు చెబుతారు?

ఇంతమాత్రాన బడిలో దేవుడి పేరే రాకూడదని అనుకోకండి. ఆ భయంతో కొందరు టీచర్లు వాచకంలోని పురాణ పద్యం చెప్పడానికి కూడా జంకుతున్నారు, అది తప్పు. 2002 సెప్టెంబరులో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడదీసి చెప్పింది. మతాల గురించి తెలియజెప్పడం వేరు, ఒక మతాన్ని పాటించమని బోధించడం వేరు. అంతకు ముందు 1971లో డీఏవీ కాలేజీ కేసులో, గురునానక్ జీవితాన్ని, బోధనలను విశ్వవిద్యాలయంలో అధ్యయనం చేయడం మత బోధన కాదని తేల్చింది. కాబట్టి శతక పద్యం చెప్పండి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు ఎందుకు వేస్తారో సోషల్ పాఠంలో చెప్పండి. రంజాన్ ఉపవాసం అంటే ఏమిటో, క్రిస్మస్ ఎందుకు జరుపుకుంటారో చెప్పండి. గీతలో ఏముందో కూడా చెప్పవచ్చు. ‘రేపటికి ఈ శ్లోకం అప్పజెప్పాలి, పూజ ఇలా చేయాలి, ఇది చదివితే పుణ్యం’ అన్న దగ్గర గీత దాటుతారు. మీ ఉత్తరంలో పూజా విధానం అని మీరే రాశారు కనుక నాకు సందేహం లేదు. ఆ తరగతికి ‘నీతి పాఠం’ అని పేరు మార్చినా ఫలితం ఉండదు.

ఉదయం ప్రార్థన గురించి మీరు అడగలేదు గానీ అడగబోతారు. కేంద్రీయ విద్యాలయాల్లో పాడే ప్రార్థనపై వచ్చిన పిటిషన్‌ను 2019 జనవరిలో సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం పెద్ద ధర్మాసనానికి పంపాలని భావించింది. అంత బరువున్న ప్రశ్న అది. నా సలహా, ఎవరినీ నోరు తెరిచి పాడమని బలవంతం చేయకండి. 1986లో బిజో ఇమ్మానుయేల్ కేసు గుర్తుండే ఉంటుంది. కేరళలో ముగ్గురు పిల్లలు తమ విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడలేదు, మర్యాదగా లేచి నిలబడ్డారు. బడి నుంచి తీసేస్తే, వాళ్లను తిరిగి చేర్చుకోమని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు చేయాల్సిన పని. ఆ రెండు దరఖాస్తులనూ ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో నంబరు వేసి ఎక్కించి, తేదీతో రసీదు ఇవ్వండి. జేబులో పెట్టుకుని తిరగకండి. ‘ఇంతమందికి లేని అభ్యంతరం మీకెందుకు’ అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటే రేపు అఫిడవిట్‌లో మొదటి పేరాలో కనిపిస్తుంది. పాఠశాల యాజమాన్య కమిటీని పిలిచి విషయం చెప్పండి, ఓటింగు మాత్రం పెట్టకండి. బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం లాంటివి కమిటీ పనులు. రాజ్యాంగం వద్దన్నదాన్ని తీర్మానంతో తెచ్చుకునే అధికారం దానికి లేదు. భక్త సమాజం పెద్దలు పై అధికారి అనుమతి ఉందంటే, ఆ కాగితం అడిగి తీసుకుని పూర్తిగా చదవండి. యోగాకో వ్యక్తిత్వ వికాసానికో ఇచ్చిన అనుమతి మత బోధనకు సరిపోదు. తీసుకున్న నిర్ణయాన్ని ఎంఈఓ, డిప్యూటీ డీఈఓలకు రాతపూర్వకంగా తెలియజేయండి.

తల్లిదండ్రులకు రాసే జవాబు చిన్నదిగా ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను:

‘మీరు ఫలానా తేదీన ఇచ్చిన దరఖాస్తు అందింది. పాఠశాల పనివేళల్లో బయటి సంస్థ నిర్వహిస్తున్న తరగతిని ఫలానా తేదీ నుంచి నిలిపివేశాం. ఆ పీరియడ్‌ను తిరిగి గణితానికి కేటాయించాం. దరఖాస్తు ఇచ్చిన కారణంగా మీ బిడ్డకు బడిలో ఎలాంటి ఇబ్బందీ కలగకుండా చూసే బాధ్యత నాది.’

అంతే. ‘మీ మనోభావాలు దెబ్బతిన్నందున’ అని రాయకండి. వాళ్లు అడిగింది జాలి కాదు, హక్కు. వాళ్ల పేర్లు స్టాఫ్ రూములో గానీ, ఊళ్లో గానీ బయటపెట్టకండి. ‘మీ వల్లే క్లాసు ఆగిపోయింది’ అని ఏ పిల్లాడైనా ఆ ఇద్దరినీ అంటే, మీరే పిలిచి మాట్లాడండి. పెద్దవాళ్లు ఎవరైనా ఆ కుటుంబాలను బెదిరిస్తే అది బడి గొడవ కాదు, పోలీసులకు చెప్పాల్సిన సంగతి.

మీరు జవాబివ్వకుండా నాన్చితే వాళ్లకు దారులున్నాయి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల్లోపు తేల్చాలని ఆ సెక్షనే చెబుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వవచ్చు. అమరావతిలోని హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. ఆ తల్లి న్యాయసేవాధికార సంస్థకు 15100 నంబరులో ఫోన్ చేస్తే లాయరును ఉచితంగా పెడతారు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఆ హక్కు ఉంది.

భక్త సమాజం పెద్దలతో తగువు వద్దు. వాళ్లు మంచి మనసుతోనే వచ్చారు. సాయంత్రం బడి వదిలాక రామాలయం మండపంలో పెట్టుకోమనండి, ఇష్టమున్న పిల్లలు ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కుని వస్తారు. దానికి ఏ చట్టమూ అడ్డు రాదు. బడి గదే ఆదివారం ఇవ్వమని అడిగితే కుదరదని చెప్పండి, ఆ తాళంచెవి ఒకరికిస్తే అందరికీ ఇవ్వాల్సి వస్తుంది.

ఉత్తరం చివర ‘నేను స్వామి భక్తుణ్ని, ఇది ఆపితే పాపం చేసినట్టు అవుతుందేమో’ అని రాశారు. నేనూ ఏటా అలిపిరి నుంచి నడిచే కొండెక్కుతాను మాస్టారూ. ఆ మెట్ల మీద నన్నెవరూ హాజరు పిలవలేదు, ఎక్కకపోతే వరండాలో కూర్చోబెట్టనూ లేదు. వచ్చే వారం ఆ పీరియడ్‌కు లెక్కల మాస్టారిని పంపించండి. ఆ పిల్లలిద్దరినీ మీరే వెళ్లి లోపలికి పిలవండి. జవాబు కాపీ, ఇన్‌వర్డ్ నంబరు, కమిటీ మినిట్స్ ఒక ఫైల్లో పెట్టి ఉంచండి. నోటీసేదైనా వస్తే ఆ ఫైలుతో డీఈఓ ఆఫీసు ద్వారా ప్రభుత్వ న్యాయవాదిని కలవండి.