బైపీసీ చదివిన అమ్మాయి ఇంటీరియర్ డిజైన్ అంటోంది, ఫీజు కట్టమంటారా?

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నర్సింగో, అగ్రికల్చర్ బీఎస్సీయో చేస్తుందనుకున్నాం. కిందటేడు మా పాత ఇంట్లో హాలు, వంటగది మార్పించినప్పుడు కొలతలన్నీ తనే తీసింది, కార్పెంటర్‌తో వాదించి అలమరాల డిజైన్ మార్పించింది. అప్పట్నుంచి ఇంటీరియర్ డిజైనే చదువుతానంటోంది. ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో కనుక్కుంటే ఏడాది డిప్లొమాకు రెండున్నర లక్షలు, వంద శాతం ప్లేస్‌మెంట్ అన్నారు. నెలాఖరులోగా కడితే డిస్కౌంటట. మా బావమరిదేమో ‘చేయిస్తే ఆర్కిటెక్చర్ చేయించు బావా, ఇది గోడలకు రంగులు చెప్పే పని’ అంటున్నాడు. ఆడపిల్ల సైట్ల చుట్టూ ఎలా తిరుగుతుందని వాళ్లమ్మకు టెన్షన్. ల్యాప్‌టాప్ కూడా ఇప్పుడే కొనమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: నెలాఖరు డిస్కౌంటును ముందు మర్చిపోండి. తొందర వాళ్లకుంది, మీకు లేదు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది మీ అమ్మాయి కార్పెంటర్‌తో వాదించడం. డ్రాయింగ్ బాగా వేస్తుందనో, రంగులంటే ఇష్టమనో రాసి ఉంటే ఇంకోలా జవాబిచ్చేవాణ్ని. టేపు పట్టుకుని కొలిచి, ఆ కొలతను పట్టుకుని పనివాడితో మాట్లాడిందంటే ఈ పనిలో కష్టమైన సగం ఆమెకు చేదుగా లేదని అర్థం.

మీ బావమరిది గారి సలహా మంచిదే గానీ మీకు పనికిరాదు. బీఆర్క్‌లో, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీలో చేరాలంటే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి. బైపీసీ వాళ్లకు ఆ దారి లేదు. మళ్లీ మ్యాథ్స్ చదివి, పాసై, నాటాయో జేఈఈ పేపర్-2యో (రెండూ ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్షలే) రాసి, ఆపైన ఐదేళ్ల కోర్సు చేయాలి. ఇళ్ల లోపలి పనే చేయాలనుకునే పిల్లకు అంత చుట్టుదారి అక్కర్లేదు. ఒక తేడా మాత్రం తెలుసుకోండి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ‘ఆర్కిటెక్ట్’ అని చెప్పుకోవాలి. ఇంటీరియర్ డిజైనర్‌కు అలాంటి లైసెన్సు లేదు. కాబట్టి మీ అమ్మాయికి తలుపు తెరిచే ఉంది. అదే తలుపులోంచి నెల రోజుల కోర్సు చేసినవాళ్లు, ఫర్నిచర్ షాపు పెట్టినవాళ్లు, కార్పెంటర్ పని మానేసి బోర్డు కట్టినవాళ్లు కూడా వస్తారు. (వాళ్లందరిలో కార్పెంటర్లే నయం, కనీసం చెక్క సంగతి తెలుసు.) సర్టిఫికెట్ చూసి పని ఇచ్చే రంగం కాదిది. చేసిన ఇల్లు చూసి ఇస్తారు.

ఇక రంగులు చెప్పే పని అన్న మాట. పాత ఇంటికి కొత్త రూపు ఇవ్వడంలో రంగు దాదాపు చిట్టచివర వస్తుంది. ముందు స్లాబు లీకులు, బాత్రూమ్ గోడల చెమ్మ చూడాలి. తర్వాత ఏ గోడ పగలగొట్టొచ్చో, ఏది ముట్టుకోకూడదో తేల్చాలి. పిల్లర్లు, బీములు ఉన్న ఇంట్లో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ తీయడం వేరు, పిల్లర్లే లేని పాతకాలం ఇంట్లో స్లాబు మోస్తున్న తొమ్మిది అంగుళాల గోడ మీద చెయ్యి వేయడం వేరు. అక్కడ స్ట్రక్చరల్ ఇంజినీర్ని పిలవాలి, డిజైనర్ సొంతంగా నిర్ణయం తీసుకోకూడదు. ఆపైన కరెంటు పైపులకు గాడి కొట్టడం, నీళ్ల పైపులు, టైల్స్, ఫాల్స్ సీలింగ్, కార్పెంటర్ పని, ఆ తర్వాత లప్పం, ప్రైమర్, రెండుసార్లు ఎమల్షన్ పెయింటు. రంగు వేశాక ‘ఇక్కడ ఏసీ పాయింట్ మర్చిపోయామండీ’ అంటే గోడ మళ్లీ తవ్వాలి, ఆ ఖర్చు ఎవరిదని గొడవ. ఈ వరస తప్పకుండా నడిపించగలిగినవాళ్లకే జనం డబ్బిస్తారు.

వంటగది ఒక్కటి తీసుకోండి. గట్టు ఎత్తు మామూలుగా 32 నుంచి 34 అంగుళాలు పెడతారు. ఇంట్లో వంట చేసే ఆవిడ ఐదడుగులు కూడా లేకపోతే 34 అంగుళాల గట్టు మీద స్టవ్, దాని మీద కుక్కర్ పెట్టాక గరిట తిప్పడానికి రోజూ భుజం ఎత్తాలి. గట్టు వెడల్పు 24 అంగుళాలు. దాని పైన గోడకు వేలాడే అలమరా లోతు 12 నుంచి 14 అంగుళాలు దాటితే కూరగాయలు తరిగేటప్పుడు తలకు తగులుతుంది. ఫ్రిజ్ గోడ మూలకు ఆనించి పెడితే తలుపు పూర్తిగా తెరుచుకోదు, లోపలి డబ్బా బయటికి రాదు. సింకు కింద మామూలు ప్లైవుడ్ వేస్తే పైపు చెమర్చి అడుగు ఉబ్బుతుంది. అక్కడ ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడిని తట్టుకునే మెరైన్ గ్రేడ్ ప్లైవుడ్డే వేయాలి. ఐఎస్ 303 ముద్రతో వచ్చే మామూలు రకం బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్‌కు చాలు. అన్నిచోట్లా మెరైన్ వేయించి బిల్లు పెంచేవాళ్లూ ఉన్నారు, అన్నిచోట్లా మామూలుది వేసి మెరైన్ రేటు తీసుకునేవాళ్లూ ఉన్నారు. వీటన్నిటి మధ్య పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలని ఇంటాయన పట్టుబడతారు, కిటికీ మాత్రం ఇంకోవైపు ఉంటుంది. వాస్తును డిజైనర్ నమ్మినా నమ్మకపోయినా ఇల్లు వాళ్లది. నవ్వకుండా దారి చూపించాలి.

మన విశాఖలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. బీచ్‌ రోడ్డు వైపు, లాసన్స్ బే, రుషికొండ ఫ్లాట్లలో ఉప్పుగాలికి మామూలు హింజులు, కిటికీ గ్రిల్స్ తొందరగా తుప్పు పడతాయి. స్టీలే కదా అని సముద్రం ఎదురు బాల్కనీకి 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగ్ వేస్తే దాని మీద కూడా మచ్చలు వస్తాయి, ఉప్పును 316 గ్రేడ్ బాగా తట్టుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లు అద్దాల బాల్కనీ అనగానే ‘గాలికి ఆగుతుందా’ అనే అడుగుతారు. పోర్టు చుట్టుపక్కల పాత వీధుల్లో నల్లదుమ్ము దిగుతుంది. అక్కడ తెల్లటి మ్యాట్ ఫినిష్ కప్‌బోర్డులు అమ్మడమంటే ఆ ఇంటావిడకు రోజూ తుడిచే పని అప్పజెప్పడమే. హైదరాబాద్‌లో చదివొచ్చినా ఇవన్నీ మీ అమ్మాయి ఇక్కడి సైట్లలోనే నేర్చుకోవాలి.

పని ఉంటుందా అంటే, ఉంటుంది. మధురవాడ, కొమ్మాది వైపు లేస్తున్న కొత్త అపార్ట్‌మెంట్లనే అందరూ చూస్తారు. నా లెక్కలో చిన్న డిజైనర్‌కు అన్నం పెట్టేవి పాత ఇళ్లు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, అక్కయ్యపాలెం, మీ కూర్మన్నపాలెం ఇళ్లలో ఎప్పుడో వేసిన మొజాయిక్ గచ్చు, సిమెంటు అరల అలమరాలు, చీకటి వంటగదులు ఇంకా చాలా ఉన్నాయి. రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చాకనో, ఇంట్లో పెళ్లి కుదిరాకనో, అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు పంపాకనో అక్కడ పని మొదలవుతుంది. కొడుకు వీడియో కాల్‌లో ఒకటి చెబుతాడు, ఇంట్లో ఉన్న తల్లి మేస్త్రీకి ఇంకోటి చెబుతుంది. ముహూర్తం మాత్రం వెనక్కి జరపడం కుదరదు. సంక్రాంతి, దసరా ముందు పనివాళ్లు దొరకరు. ఆషాఢంలో గృహప్రవేశాలుండవు కాబట్టి బిల్లులూ కదలవు. ఈ రాబడి నెల జీతంలా రాదు, గంపగుత్తగా వస్తుంది, కొన్ని నెలలు అసలు రాదు. మొదట్లో ఎవరి దగ్గరైనా జూనియర్‌గా చేరితే జీతం సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చుకునేలా ఉండదు. మూడు, నాలుగేళ్లు ఓపిక పట్టగలరా అన్నది మీ ఇంట్లో ముందే తేల్చుకోండి.

ఇప్పుడు చదువు. బైపీసీతో వెళ్లగలిగే నాలుగేళ్ల బీడెస్ (డిజైన్ డిగ్రీ) దారులున్నాయి. కడపలోని ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఇంటీరియర్ డిజైన్ బీడెస్‌కు ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మన రాష్ట్రంలో ముందు చూడాల్సింది అదే. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లోనూ ఇదే కోర్సు ఉంది, పరీక్ష ఎఫ్‌ఏడీఈఈ. రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024తో ముగిసింది కాబట్టి ఆంధ్రా పిల్లలకు సీట్లెలా ఇస్తున్నారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చదివాకే దరఖాస్తు చేయండి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)కి ఏ గ్రూపువాళ్లయినా దాని ప్రవేశ పరీక్ష డ్యాట్ రాయొచ్చు. అయితే అమరావతి ఎన్ఐడీలో బీడెస్‌కు ఇండస్ట్రియల్, కమ్యూనికేషన్, టెక్స్‌టైల్ డిజైన్ విభాగాలే ఉన్నాయి. ఫర్నిచర్ అండ్ ఇంటీరియర్ కావాలంటే అహ్మదాబాద్ వెళ్లాలి. పోటీ గట్టిది, ఒక్క ఏడాదికి రాలేదని కుంగిపోవద్దు. డబ్బు ఇబ్బందయితే ఐటీఐల్లో ఇంటీరియర్ డిజైన్ అండ్ డెకరేషన్ అనే ఏడాది ట్రేడ్ కూడా ఉంది, దగ్గర్లో ఏ ఐటీఐలో నడుస్తోందో కనుక్కోండి. చిన్నచూపు చూడకండి.

ప్రైవేటు డిప్లొమా అసలు వద్దని చెప్పను. ఫీజు మాట్లాడిన గదిలోంచి లేచి, లోపల క్లాసు జరుగుతుంటే వెళ్లి చూడండి. ప్లైవుడ్ ముక్కలు, టైల్స్, హింజులు, స్విచ్‌బోర్డులు పిల్లల చేతికిచ్చే గది ఉందా, లేక కంప్యూటర్లు మాత్రమే ఉన్నాయా? చెప్పేవాళ్లకు ఊళ్లో నడుస్తున్న సైటు ఒక్కటైనా ఉందా? కిందటేడు పిల్లలు చేరిన ఉద్యోగాల పేర్లడగండి. ‘డిజైన్ కన్సల్టెంట్’ అని చెబితే నెలకు అమ్మకాల టార్గెట్ ఉందా అని కూడా అడగండి. వంద శాతం ప్లేస్‌మెంట్లలో మాడ్యులర్ కిచెన్ షోరూముల సేల్స్ ఉద్యోగాలు కలిసి ఉండొచ్చు. సేల్స్ తక్కువ పనేం కాదు, అయితే అది డిజైన్ నేర్పే చోటు కాదు. డిగ్రీ అని చెబితే ఆ యూనివర్సిటీ యూజీసీ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి. ఒక్కసారే మొత్తం కట్టమంటే బయటికొచ్చేయండి.

అమ్మాయితో నేరుగా ఒక మాట. అమ్మా, ఫీజు సంగతి తేలేలోపు మీ బెడ్‌రూమ్ ఒకటి తీసుకో. పది బై పన్నెండు గది అనుకుందాం, ఎత్తు పది. నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు, ఎత్తుతో 440 చదరపు అడుగులు. మూడు బై ఏడు తలుపు, నాలుగు బై నాలుగు కిటికీ తీసేస్తే 403. సీలింగ్ 120 కలిపితే 523. ఆ సంఖ్య పట్టుకుని ఇద్దరు పెయింటర్లను విడివిడిగా కొటేషన్ అడుగు. ఒకరు 560 అంటే ఎందుకో అడుగు. తలుపు, కిటికీ తీయకుండా కొలిచి ఉంటారు, లేదా కిటికీ సన్‌షేడ్లు కలిపి ఉంటారు, ఏదో తేల్చు. వార్డ్‌రోబ్ గీసి, ఎనిమిది బై నాలుగు షీటులోంచి ముక్కలు ఎలా కోస్తే ఎంత వృథా అవుతుందో కాగితం మీద లెక్కవేయి. ఆ గది ఉన్నదున్నట్టు, నీకు కావాల్సినట్టు రెండు ప్లాన్లు స్కేలుకు గీయి. ఇది చేసేటప్పుడు విసుగొస్తే ఇప్పుడే తెలియడం మంచిది. విసుగు రాకపోతే ఆ కాగితాలే నీ మొదటి పోర్ట్‌ఫోలియో, అంటే నీ పని చూపించే ఫైలు.

వాళ్లమ్మగారి భయం గురించి. ఆడపిల్లలు ఈ పనిలో చాలామందే ఉన్నారు. వంటగది విషయంలో ఇంటావిడలు వాళ్లతోనే మనసువిప్పి మాట్లాడతారు. సైటు మీద చిక్కులు వేరే ఉంటాయి. బాత్రూమ్ ఉండదు. పెద్ద మేస్త్రీ చెప్పింది ఒకటి చేసేది ఒకటి, ‘మీకు తెలీదు మేడమ్’ అంటాడు. మొదటి ఏడాది ఎవరైనా సీనియర్‌తో కలిసే సైటుకు వెళ్లాలి. చీకటి పడ్డాక ఖాళీ ఫ్లాట్లలో ఒంటరిగా కొలతలు తీయకూడదు. స్కూటర్ నేర్పించండి, గాజువాక నుంచి మధురవాడ దాకా రోజూ ఆటోలో తిరిగితే జీతం అక్కడే అయిపోతుంది.

ల్యాప్‌టాప్ ఇప్పుడొద్దు. ఆటోక్యాడ్, స్కెచప్ లాంటి ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ల వరకు ఓ మోస్తరు మెషీన్ చాలు. గదిని ఫొటోలా చూపించే త్రీడీ రెండరింగ్ మొదలైతే మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో కాలేజీలో చేరాకే తెలుస్తుంది. కోర్సులో చేరాక రెండో సెమిస్టర్‌లో కొనండి. ప్రస్తుతానికి మంచి ఐదు మీటర్ల స్టీల్ టేపు, ఒక స్కేలు, గ్రాఫ్ పుస్తకం కొనివ్వండి.