బాక్టీరియా డీఎన్‌ఏలో వైరస్‌కు చోటెలా దొరుకుతుంది?

ప్రశ్న: కొన్ని వైరస్‌లు బాక్టీరియాను వెంటనే చంపకుండా, తమ డీఎన్‌ఏను దాని డీఎన్‌ఏలోనే కలిపేస్తాయని చదివాను. ఆ అతుకు ఎలా పడుతుంది? ఎక్కడ పడితే అక్కడ పడుతుందా?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఈ విషయంలో అన్నింటికంటే క్షుణ్ణంగా పరిశీలనకు లోనైనది లామ్డా ఫేజ్ (బాక్టీరియాకు సోకే వైరస్‌ను ఫేజ్ అంటారు). ఈ.కోలై బాక్టీరియాలోని కె-12 రకంలో దీని ఉనికిని ఎస్తర్ లెడర్‌బర్గ్ కనిపెట్టారు; ఆ సంగతి 1951లో వెల్లడైంది.

లామ్డా తలలో 48,502 క్షారజతల (డీఎన్‌ఏ నిచ్చెనలో మెట్లలాంటివి) డీఎన్‌ఏ తిన్నని పోగుగా ఉంటుంది. దాని రెండు కొసల్లోనూ 12 క్షారాల మేర ఒంటిపేట బయటికి పొడుచుకొని ఉంటుంది. ఇవి ఒకదానికొకటి సరిజోడు కావడం వల్ల, డీఎన్‌ఏ కణంలోకి దిగగానే కొసలు కలుసుకుంటాయి, బాక్టీరియాకు చెందిన లైగేజ్ ఎంజైము వాటిని అతికి వలయంగా మారుస్తుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. బాక్టీరియా డీఎన్‌ఏ కూడా వలయమే కనుక, రెండింటినీ చెరొకచోట తెంచి కొసలను మార్చి కలిపితే ఒకే పెద్ద వలయం ఏర్పడుతుందని అలన్ క్యాంప్‌బెల్ 1962లో ప్రతిపాదించారు. తరువాతి ప్రయోగాలు దాన్నే నిజమని తేల్చాయి.

తెగే చోటు ఏదో ఒకటి కాదు. గాలక్టోజు చక్కెరను వాడుకునే జన్యువులకూ, బయోటిన్ విటమిన్‌ను తయారుచేసే జన్యువులకూ నడుమ 15 క్షారజతల వరుస ఒకటుంది. అదే వరుస ఫేజ్‌లోనూ ఉంటుంది. ఫేజ్ తయారుచేసుకునే ఇంటిగ్రేజ్ ఎంజైము, డీఎన్‌ఏను వంచే ఒక బాక్టీరియా ప్రోటీను సాయంతో, ఆ రెండు వరుసలనూ దగ్గరికి చేర్చి, కోసి, అడ్డంగా మార్చి అతుకుతుంది. ఇందులో ఒక్క క్షారమైనా పోదు, కొత్తగా చేరదు. ఆ చోటును బాక్టీరియా నుంచి తొలగిస్తే, లామ్డా వేరేచోట్ల అతుక్కోగలదు గానీ చాలా అరుదుగా. మ్యూ అనే ఫేజ్ దారి వేరు. అది దాదాపు ఎక్కడైనా దూరుతుంది.

ఇలా ఇమిడిన ఫేజ్ నిద్రపోతోందని రాస్తుంటారు, నాకు ఆ మాట సరిగా తోచదు. సీ-వన్ అనే ప్రోటీనును అది నిరంతరం తయారుచేయిస్తూ, కణాన్ని చంపే తన జన్యువులను అణచిపెడుతూనే ఉంటుంది. అతినీలలోహిత కిరణాల వల్ల బాక్టీరియా డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు, బాక్టీరియాకే చెందిన రెక్-ఏ ప్రోటీను ప్రేరణతో సీ-వన్ తనంతట తానే తెగిపోతుంది. అప్పుడు ఇంటిగ్రేజ్‌కు ఎక్సిషనేజ్ అనే మరో ఫేజ్ ప్రోటీను తోడై, అతుకు పడిన చోటనే డీఎన్‌ఏను విడదీస్తుంది.

కలరా విషాన్ని తయారుచేసే జన్యువులు కూడా నిజానికి ఒక ఫేజ్‌వేనని వాల్డర్, మెకలానోస్ 1996లో చూపారు. ఆ ఫేజ్‌కు సొంత ఇంటిగ్రేజ్ లేదు. కలరా బాక్టీరియా తన క్రోమోజోములను విడదీసుకోవడానికి వాడే ఎంజైములతోనే అది తన పని జరిపించుకుంటుంది.