ఇరవయ్యో తేదీకే ఖాళీ అవుతున్న మొదటి జీతం

ప్రశ్న: చదువు ముగించి ఐదు నెలల క్రితం ఉద్యోగంలో చేరాను. కాలేజీలో చేతి ఖర్చుకు వచ్చిన కొద్ది డబ్బుతోనే నెలంతా గడిపేదాన్ని. ఇప్పుడు అంతకు ఎన్నో రెట్లు వస్తున్నా ఇరవయ్యో తేదీకే ఖాతా ఖాళీ అవుతోంది. క్రెడిట్ కార్డు బాకీ నెల జీతంలో 60 శాతానికి చేరింది. కనీస మొత్తం మాత్రం కడుతున్నాను. చేరినప్పుడు ఇచ్చిన బోనస్ ఇంచుమించు ఆ బాకీకి సమానం, దాన్ని ముట్టుకోలేదు. మదుపు ఎప్పుడు, ఎంతతో మొదలుపెట్టాలి?

జవాబు: మీరు అడిగింది మదుపు గురించే అయినా ముందుగా కార్డు బాకీ సంగతి తేల్చుకోవాలి. చేతికొచ్చే నెల జీతాన్ని 100 అనుకుంటే మీ బాకీ 60. మీరు పంపిన స్టేట్‌మెంటు ప్రకారం వడ్డీ నెలకు 3 శాతం కనుక, కనీస మొత్తంగా మీరు కడుతున్న 3లో 1.8 వడ్డీకే పోయి, అసలులో తగ్గేది 1.2 మాత్రమే. వడ్డీ మీద వడ్డీ కలుపుకుంటే ఇది ఏడాదికి దాదాపు 42.6 శాతం అవుతుంది; ఇంత రాబడిని ఏ మదుపూ హామీగా ఇవ్వదు. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం చాలా కార్డులలో వడ్డీ లేని గడువు వర్తించదు కాబట్టి, కొత్తగా కొన్న వస్తువుకు కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

కాలేజీలో డబ్బు సరిపోయింది మీ పొదుపు వల్లే అని నేను అనుకోను. అప్పుడు వసతికీ, భోజనానికీ, ఫీజులకూ ముందే ఎవరో కట్టేసేవారు. మీ చేతికి వచ్చేది అవన్నీ పోను మిగిలినది, అదీ కొంచెం కొంచెంగా. ఇప్పుడు అద్దె డబ్బూ, చేతి ఖర్చూ ఒకే రోజున ఒకే ఖాతాలో పడుతున్నాయి, చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. నా మొదటి ఉద్యోగంలో నేను ఇంకా పెద్ద పొరపాటు చేశాను: నియామక పత్రంలోని మొత్తాన్ని పన్నెండుతో భాగించి, కోతల సంగతి మరిచి, ఆ అంకెను నమ్ముకుని ఇల్లు అద్దెకు తీసుకున్నాను.

మీ స్టేట్‌మెంటులోని 38 పద్దుల్లో పెద్దవి రెండే, ఆఫీసు బట్టలు, బూట్లు. ఏకంగా 23 పద్దులు క్యాబులకూ, సహోద్యోగులతో చేసిన భోజనాలకూ చెందినవి. కొత్తగా చేరినవారు ఆ భోజనాలు పూర్తిగా మానాలని చెప్పను, పనిలోని మెలకువలు చాలావరకు అక్కడే తెలుస్తాయి. వారానికి రెండు సార్లు చాలు. ఉచితమని చేరి మరిచిపోయిన చందా ఒకటి ప్రతి నెలా 9న డబ్బు లాగుతోంది, దాన్ని ఈరోజే రద్దు చేయండి.

ఖర్చులకు వేరే ఖాతా తెరవండి. జీతం పడిన మర్నాడే అద్దె, బిల్లుల డబ్బూ, వాటితో పాటు పొదుపు కింద జీతం 100లో 15 పక్కకు పోయేలా చూసుకుని, మిగిలినదాన్ని తర్వాతి జీతం వరకు ఉన్న సోమవారాలతో భాగించి, ప్రతి సోమవారం ఒక్కో వంతును ఆ ఖాతాలోకి పంపుకోండి. నెలంటే నాలుగు వారాలే అనుకోకండి, కొన్నిసార్లు ఐదు సోమవారాలు వస్తాయి.

బోనస్ ఇంచుమించు బాకీకి సమానమని రాశారు. దానితో కార్డును పూర్తిగా తీర్చేయండి. ఆ తర్వాత నెలకు 15 చొప్పున పక్కన పెడితే నాలుగు నెలల్లో ఆ 60 తిరిగి చేరుతుంది. మూడు నెలల తప్పనిసరి ఖర్చులకు సరిపడా నిధి ఏర్పడ్డాక అదే 15ను మదుపుకు మళ్లించవచ్చు. పదవీ విరమణ నిధికి మీరు వేసినంత కంపెనీ కూడా కలిపే పథకం ఉంటే మాత్రం అందులో ఇప్పుడే చేరండి.

ఒక్క జాగ్రత్త. ఏడాదిలోపు ఉద్యోగం మానితే బోనస్ తిరిగి చెల్లించాలన్న షరతు మీ నియామక పత్రంలో ఉందేమో చదవండి. కొన్ని కంపెనీలు పన్ను కోతకు ముందున్న పూర్తి మొత్తాన్ని అడుగుతాయి. షరతు ఉంటే, ఆ మొత్తం మళ్లీ కూడేవరకు లేదా ఏడాది నిండేవరకు వేరే ఉద్యోగానికి ఒప్పుకోకండి.