రెస్క్యూ టీముల డ్రామాలు చూసి తమ్ముడు ఈఎంటీ అవుతానంటున్నాడు, వాటిల్లో చూపించేది నిజమేనా?

మీరు రాసింది చదివానండి. జపాన్ డ్రామాలు చూసి మీ తమ్ముడు ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ కోర్సులో చేరతానంటున్నాడు, అందులో చూపించేది నమ్మొచ్చా, చేరనివ్వొచ్చా అని అడిగారు. నేను కోనసీమలో 108లో ఈఎంటీగా చేశాను, ఇప్పుడు కాకినాడలో ఒక ఆస్పత్రి క్యాజువాల్టీలో చేస్తున్నా, ఈ రకం డ్రామాలు దొరికినవల్లా చూస్తాను కూడా, ఇష్టం నాకు.

అతను చూసింది టోక్యో ఎంఈఆర్ అయ్యుంటుంది, 2021లో టీబీఎస్ ఛానెల్‌లో వచ్చింది. పెద్ద బండి, లోపలే ఆపరేషన్ థియేటర్, ప్రమాదం జరిగిన చోటికే సర్జన్లు దిగిపోయి అక్కడే కోసి కుట్టేస్తారు, చివర్లో చనిపోయినవాళ్ళు సున్నా అని చెప్పగానే అందరూ చప్పట్లు. దానికి ముందు 2008లో కోడ్ బ్లూ వచ్చింది, అందులో హెలికాప్టర్‌లో వెళ్ళే డాక్టర్లు. హెలికాప్టర్ సంగతి కల్పన కాదండి, జపాన్‌లో డాక్టర్ హెలీ అని 2001 నుంచి నిజంగానే నడుస్తోంది. కాకపోతే ఈ రెండిట్లోనూ డాక్టరే పేషెంటు దగ్గరికి వెళ్తాడు. మన దగ్గర అలా కాదు, పేషెంటుని ప్రాణంతో డాక్టరు దగ్గరికి చేర్చడమే మా పని, బండిలో ఉండేది ఒక ఈఎంటీ, ఒక పైలట్ (డ్రైవర్‌ని మేం పైలట్ అంటాం), అంతే. మీ తమ్ముడు రోడ్డు పక్కన ఛాతీ కోసి గుండె పట్టుకుంటాననుకుని వస్తే మొదటి నెలలోనే నీరుగారిపోతాడు.

అందుకే అతనికి ఇంకోటి చూపించండి. ఎమర్జెన్సీ! అని 1972లో అమెరికాలో ఎన్‌బీసీలో మొదలైన పాత సీరియల్. లాస్ ఏంజెలెస్ కౌంటీ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పారామెడిక్‌ల కథ. ఆ రోజుల్లో అమెరికాలోనే పారామెడిక్ అంటే చాలామందికి తెలీదు, డాక్టర్ కానివాడు సూది గుచ్చడమేంటి అని పెద్ద గొడవ, కాలిఫోర్నియాలో దానికి 1970లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సొచ్చింది. సీరియల్ మొదటి భాగం కూడా ఆ గొడవ మీదే, దీన్ని ఒప్పుకోని డాక్టరే చివరికి చట్టం కోసం మాట్లాడతాడు. తర్వాత దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ ఆ ఇద్దరూ నారింజ రంగు పెట్టె ఒకటి తెరుస్తారు, బయోఫోన్ అంటారు దాన్ని, అందులోంచి ఆస్పత్రికి మాట్లాడి బీపీ ఇంత పల్స్ ఇంత అని చెప్తే అవతల డాక్టరు సెలైన్ పెట్టండి, ఫలానా మందు ఇవ్వండి అంటాడు. మొట్టమొదటిసారి అది చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించిందండి, ఎందుకంటే అచ్చం మా డ్యూటీ అదే. 108లో ఈఆర్‌సీపీ అని కాల్ సెంటర్‌లో డాక్టర్లుంటారు, మేం వైటల్స్ చెప్తే వాళ్ళు ఫోన్‌లో ఆర్డర్ ఇస్తారు. యాభై ఏళ్ళ కిందటి సీరియల్ ఇవాళ్టి మన బండికి దగ్గరగా ఉంది, ఇప్పటి కొత్త డ్రామాలు లేవు.

ఒక కేసు చెప్తాను. పి.గన్నవరం అవతల ఒక లంక (ఏటి మధ్య దీవి), గోదారి వరద మీదుంది, కాజ్‌వే మునిగిపోయింది. బండి ఏటిగట్టు మీదే ఆగిపోయింది, పైలట్ నేనూ డెలివరీ కిట్టు, ఆక్సిజన్, అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) పట్టుకుని నావెక్కాం. అవతల ఆశా వర్కర్ అప్పటికే గర్భిణిని మంచం మీద రేవుదాకా మోయించుకొచ్చింది గానీ తల కనపడిపోతోంది, ఇంక నావ ఎక్కించే టైము లేదు. ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టారు, నేను ఈఆర్‌సీపీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టి పైలట్ చేతికిచ్చాను, సిగ్నల్ ఒక్క గీతే ఉంది, అతను ఫోన్ పైకెత్తి గట్టు మీద అటూ ఇటూ జరుగుతా నిలబడ్డాడు. బిడ్డ పుట్టింది, ఏడవలేదు. డాక్టరుగారు ఒక్కో మాటే చెప్తున్నారు, తుడవండి, వీపు రుద్దండి, నోరు క్లియర్ చేయండి, ఇప్పుడు అంబు పెట్టండి. పెట్టాక ఏడ్చింది. తల్లీబిడ్డా ఇద్దరూ బాగున్నారు. అక్కడ నేను హీరోని కాదండి, ఆశా వర్కర్ ముందే కదిలి రేవుకి తీసుకురాకపోతే నేను లంకలో ఇల్లు వెతుక్కుంటూ ఉండేవాణ్ణి.

డ్రామాలు వదిలేసేది ఇదే. టీమ్ దిగగానే జనం పక్కకి తప్పుకున్నట్టు చూపిస్తారు, నిజానికి మేం చేరేలోపు ఆ జనం ఏం చేశారన్న దాని మీదే సగం ఆధారపడి ఉంటుంది. మా వైపు కొబ్బరి దింపు తీసేవాళ్ళు చెట్టు మీంచి పడిపోతారు, పడగానే నలుగురూ చేరి చేతులూ కాళ్ళూ పట్టుకుని బియ్యం బస్తాలా ఎత్తి ఆటోలో కుక్కేస్తారు, ప్రేమతోనే చేస్తారు పాపం. వెన్నెముక విరిగుంటే ఆ ఎత్తడంతోనే కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. కదపకుండా ఉంచి ఫోన్ చేస్తే మేమొచ్చి మెడకి కాలర్ వేసి స్కూప్ స్ట్రెచర్ (రెండు ముక్కలుగా విడదీసి మనిషి కిందకి జరిపే స్ట్రెచర్) మీద తీస్తాం. రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్ కరెంటు కొట్టిందంటే ముందు కరెంటు ఆపాలి, ఆపకుండా పట్టుకోడానికెళ్ళి ఇంకొకళ్ళు పోతారు. ఇలాంటివి ఒక్క సీనైనా పెట్టొచ్చు కదా అనిపిస్తుంది.

ఇంకోటి, మానిటర్ మీద గీత చదునుగా అయిపోగానే షాక్ ఇచ్చేస్తారు చూడండి, అది తప్పు. చదును గీతకి షాక్ పనిచేయదు, గుండె అడ్డదిడ్డంగా వణుకుతున్నప్పుడో, మరీ వేగంగా కొట్టుకుని నాడి అందనప్పుడో ఇస్తారు. ఛాతీ నొక్కడం కూడా డ్రామాల్లో మెత్తగా, మోచేతులు వంచి చేస్తారు, నటుడి మీద నిజంగా నొక్కలేరు కాబట్టి అది వాళ్ళ తప్పు కాదు, కానీ అది చూసి నేర్చుకోకూడదు. పెద్దవాళ్ళకైతే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ముగ్గురు డాక్టర్లు అమెరికా సీరియల్స్ చూసి లెక్క కట్టారు, టీవీలో సీపీఆర్ (ఇలా ఛాతీ నొక్కి ఊపిరివ్వడం) చేయించుకున్నవాళ్ళలో 75 శాతం అప్పటికి బతికేస్తున్నారు. నిజంగా అయితే అమెరికాలోనే ఆస్పత్రి బయట గుండె ఆగినవాళ్ళలో ఇంటికెళ్ళేది నూటికి పదిమంది అటూ ఇటూ. మీ తమ్ముడికి ఈ అంకె ముందే చెప్పండి, ఎందుకంటే ఎంత బాగా చేసినా చేతుల్లో మనుషులు పోతారు, ఆ రాత్రి అన్నం సయించదు, పొద్దున్నే మళ్ళీ బండి కడిగి ఆక్సిజన్ చూసుకుని కూర్చోవాలి.

టోక్యో ఎంఈఆర్ వద్దని అనట్లేదు. ఆ సిరీస్‌లోనే 2025లో వచ్చిన సినిమా ఉంది, దక్షిణాన దీవుల కథ, ఆపరేషన్ చేసే బండిని ఫెర్రీ మీద ఎక్కించుకుని దీవి దీవికీ వెళ్తారు. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే పెద్ద పడవ) కోసం ఎదురుచూసినవాళ్ళకి అది ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది, ఇలాంటిది మన లంకలకి ఎందుకు రాకూడదు అని నాకు గట్టిగా అనిపించింది.

చేరనివ్వండి. ఈలోపు ఈత రాకపోతే నేర్చుకోమనండి, గోదారి జిల్లాల్లో ఈ పనికి అది కావాలి. దగ్గర్లో 108 బండి ఎక్కడ ఆగుతుందో కనుక్కుని పొద్దున డ్యూటీ మారేటప్పుడు ఒకసారి వెళ్ళి ఈఎంటీతోనూ పైలట్‌తోనూ మాట్లాడమనండి, కాల్ లేకపోతే మావాళ్ళు బండి లోపల అన్నీ చూపిస్తారు.