కొత్త ప్రోగ్రామ్ తీసుకునే ముందు

అమ్మాయీ,

ఆరు నుంచి ఎనిమిది తరగతులకు లెక్కల ప్రోగ్రామ్ మారుస్తున్నారనీ, కంపెనీలవాళ్లు వచ్చి చూపించి వెళ్లారనీ రాశావు. ఏది మంచిదని అడిగావు కానీ పేరు నేను చెప్పను. ముందు మీ పిల్లలు ఏ తరగతి లెక్కలు చేయగలుగుతున్నారో చూడు. భాగహారం, భిన్నాలు, స్థానవిలువల మీద పది లెక్కలిస్తే ఒక్క పీరియడ్‌లో తేలిపోతుంది.

ఢిల్లీ ప్రభుత్వ బడుల పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. ఆరో తరగతివాళ్లు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు, పై తరగతుల్లో ఆ దూరం ఇంకా ఎక్కువ. బడిలో మాత్రం తరగతి పుస్తకమే నడుస్తోంది. బడి అయ్యాక ఎవరి స్థాయికి తగ్గ పాఠాలు వాళ్లకు కంప్యూటర్‌లో ఇచ్చి, చిన్న గ్రూపుల్లో టీచర్ సాయం కూడా అందిస్తే, నాలుగున్నర నెలల్లోనే లెక్కలూ హిందీ బాగా మెరుగుపడ్డాయి. తమాషా ఏమిటంటే, బడి పెట్టిన లెక్కల పరీక్షలో ఆ తేడా పెద్దగా కనబడలేదు. మూడో తరగతి లెక్కల దగ్గరున్న పిల్లాడు ఐదుకి ఎక్కినా ఏడో తరగతి పేపరుకి ఆ సంగతి తెలియదు కదా! అందుకే వార్షిక పరీక్ష మార్కులొక్కటే చూసి ప్రోగ్రామ్ పనికిరాదని తీసిపారేయకు.

కష్టమైన సిలబస్ పెడితే వాళ్లే అందుకుంటారనేవాళ్లు మీ స్టాఫ్‌రూమ్‌లోనూ ఉంటారు. అమెరికాలో షార్లెట్-మెక్లెన్‌బర్గ్ బడులు చాలామందిని ఎనిమిదిలోనే ఆల్జీబ్రాలోకి తోశాయి. అలా ముందుకు నెట్టినవాళ్ల మార్కులు తగ్గాయి, తర్వాతి కోర్సులు పాసవడమూ కష్టమైంది. అలాగని పేదపిల్లలకు తేలిక పాఠాలు చాలనుకోకు, అది ఇంకా అన్యాయం. పీరియడ్‌లో కొంతసేపు పాత లోటు పూడ్చు, మిగతా సమయం తరగతి పాఠమే చెప్పించు.

కంపెనీవాళ్లు సగటు చూపిస్తారు. అడుగున ఉన్న మూడోవంతు పిల్లలు ఎంత ఎదిగారో చూపించమను. కెన్యా పల్లెబడుల్లో పుస్తకాలు ఉచితంగా ఇస్తే లాభపడింది అప్పటికే బాగా చదివేవాళ్లే.

టీచర్ల శిక్షణ రెండు రోజుల మీటింగుతో సరిపెడతామంటే ఒప్పుకోకు. ఏడాది పొడవునా క్లాసులోకి వచ్చి చూసి చెప్పే మనిషిని ఇస్తారా అని అడుగు. పిల్లలు ఆ పది లెక్కలు చేసిన పేపర్లు దిద్దకుండానే కొన్ని నాకు పంపు.

— మీ పాత లెక్కల మాస్టారు