డిమెన్షియా ఉన్న అమ్మకు నిద్రమాత్ర ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా అమ్మ వయసు 74 ఏళ్లు. అల్జీమర్స్ రకం డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని రెండేళ్ల క్రితం నిర్ధారించారు. ఆ జబ్బుకు రాసిన డొనెపెజిల్ మాత్ర రోజూ రాత్రి వేస్తున్నాం. కొన్ని నెలలుగా సాయంత్రం కాగానే ‘నన్ను మా ఇంటికి పంపించండి’ అంటూ గుమ్మం వైపు వెళుతోంది. తన డబ్బు నా భార్య దాచేసిందని అందరికీ చెబుతోంది. పది రోజులుగా మాత్రం రాత్రిళ్లు నిద్రపోకుండా, గదిలో ఎవరో ఉన్నారని కేకలు వేస్తోంది. పగలంతా అమ్మను చూసుకునే నా భార్య బాగా నీరసించిపోయింది. నిద్రమాత్ర ఇవ్వవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆపిన మాట ‘పది రోజులుగా’ అన్నది. అల్జీమర్స్ నెలలు, సంవత్సరాల మీద నెమ్మదిగా ముదిరే జబ్బు. పది రోజుల్లో మనిషి ఇంతగా మారిపోయారంటే, ఉన్న జబ్బుకు తోడు డెలీరియం అనే తాత్కాలిక అయోమయ స్థితి ఏర్పడిందేమోనని అనుమానించాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో సోడియం పడిపోవడం, బయటికి చెప్పుకోలేని నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా అందుకు కారణం కావచ్చు. పెద్దవయసులో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. జలుబుకు, అలర్జీకి వాడే కొన్ని పాత రకం మాత్రలు మెదడులో జ్ఞాపకశక్తికి తోడ్పడే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. డొనెపెజిల్ పెంచాలని చూసేది సరిగ్గా ఆ రసాయనాన్నే కనుక, ఒకటి కట్టినదాన్ని మరొకటి కూల్చినట్టవుతుంది. రాత్రి వేసుకునే డొనెపెజిల్ వల్ల కూడా కొందరికి నిద్ర చెదిరి పీడకలలు వస్తాయి. దాన్ని ఉదయానికి మార్చవచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి.

కాబట్టి ఇవాళో రేపో అమ్మగారిని డాక్టర్‌కు చూపించండి. ఇటీవల కిందపడి ఉన్నా, మగతగా ఉన్నా, తిండీ నీళ్లూ మానేసినా ఒక్క పూట కూడా ఆగకూడదు. తలకు తగిలిన చిన్న దెబ్బ వల్ల పుర్రె లోపల రక్తం గూడుకట్టి, వారాల తర్వాత బయటపడటం ఈ వయసులో అరుదేమీ కాదు.

నిద్రమాత్ర మీ అంతట మీరు ఇవ్వవద్దు. ఆ మందుల వల్ల అయోమయం పెరుగుతుంది. రాత్రి లేచినప్పుడు తూలిపడి తుంటి ఎముక విరిగే ప్రమాదమూ ఉంది. భ్రమలకు వాడే యాంటీసైకోటిక్ మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణ ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. తీవ్రమైన బాధో, ప్రమాదమో ఉన్నప్పుడు మాత్రమే, అదీ తక్కువ మోతాదులో, కొద్దికాలం పాటు డాక్టర్ పర్యవేక్షణలో వాడవలసిన మందులవి.

ఇక సాయంత్రం ‘మా ఇంటికి’ అన్న మాట. ‘ఇదే కదమ్మా మన ఇల్లు’ అని మీరు ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట నిలవదు, ఎందుకంటే కొత్త జ్ఞాపకాన్ని పదిలపరచే మెదడు భాగమే ఈ జబ్బులో ముందుగా దెబ్బతింటుంది. అయితే జరిగిన సంగతి మరిచిపోయాక కూడా దాని వల్ల కలిగిన బాధో, ఊరటో మనసులో చాలాసేపు ఉండిపోతుంది. మీరు కసురుకున్నారన్నది అమ్మగారికి గుర్తుండదు, కానీ ఆ బెదురు మిగులుతుంది. చాలాసార్లు ‘ఇల్లు’ అంటే ఆవిడ ఉద్దేశంలో భయం లేని చోటు అని అర్థం. పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, ‘ఆ ఇంట్లో ఎవరెవరు ఉండేవారమ్మా?’ అని అడిగి చూడండి. చీకటి పడకముందే దీపాలన్నీ వేయండి, పగటి కునుకు తగ్గించి కాసేపు ఎండలో నడిపించండి. కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఉంటే పెట్టే ఉంచండి; మసక వెలుతురులో సరిగా కనబడని కుర్చీ కూడా మనిషిలా తోస్తుంది. బయటికి వెళ్లిపోయే అవకాశం ఉంది కనుక మీ ఫోన్ నంబరు రాసిన కార్డు ఎప్పుడూ ఆవిడ ఒంటి మీద ఉండాలి.

డబ్బు విషయంలో వాదించకండి. తాను దాచిన చోటు గుర్తురాక ఏర్పడిన ఖాళీని మెదడు ఒక కథతో పూరించుకుంటోంది, ఆ నింద ఎప్పుడూ దగ్గరుండి చూసుకునే మనిషి మీదే పడుతుంది. ‘పోయిందా, పదండి వెతుకుదాం’ అంటే చాలు. కానీ ఇది జబ్బు మాట్లాడిస్తున్న మాట అని బంధువులందరికీ మీరే, మీ భార్య ఎదురుగానే, స్పష్టంగా చెప్పాలి. ఆ పని ఆమెకు వదిలేయడం అన్యాయం.

రాత్రి కాపలాను ఈ వారం నుంచే మీరూ, మీ తోబుట్టువులు ఉంటే వారూ వంతులు వేసుకోండి. వారానికి కనీసం ఒక పూట మీ భార్య ఈ బాధ్యత పూర్తిగా దించుకుని బయటికి వెళ్లగలగాలి. ఇలా ఏళ్ల తరబడి సేవ చేసేవారిలో డిప్రెషన్ ఎక్కువగా కనిపిస్తుంది, దాన్ని అలసటగా పొరబడి వదిలేస్తుంటారు. డాక్టర్ దగ్గరికి అమ్మగారి మందులన్నీ, ఈ పది రోజుల్లో ఏ వేళ ఏం జరిగిందో రాసిన కాగితమూ తీసుకెళ్లండి. మీ భార్యను కూడా వెంటబెట్టుకెళ్లి, ఆమె నిద్ర, ఆకలి, మనసు ఎలా ఉన్నాయో అదే రోజు పరీక్ష చేయించండి.