పాత ఫ్యాక్టరీ స్థలం కొనేముందు నేల టెస్టులకి గవర్నమెంట్ డబ్బులిస్తుందా?

మీ తెలుగు అసోసియేషన్ హాల్ కోసం ఒహాయోలో ఒక పాత ఫ్యాక్టరీ బిల్డింగ్ చూశారు, రేటు తక్కువే గానీ నేలలో కెమికల్స్ ఉంటాయేమోనని భయం, టెస్టులకి గవర్నమెంట్ ఏమైనా ఇస్తుందా అని కదండీ మీ ప్రశ్న. ఇస్తుంది. కాకపోతే గ్రాంట్‌కి మీరు అప్లై చెయ్యాల్సిన పని లేకపోవచ్చు, ఆల్రెడీ గ్రాంట్ తెచ్చుకున్నవాళ్లు మీ కౌంటీలోనే ఉండొచ్చు, ముందు వాళ్లని పట్టుకోండి. నేనూ ఒహాయోలోనే, మా అసోసియేషన్ బిల్డింగ్ కమిటీలో ఉన్నా, మాకు పని జరిగింది అలాగే.

ఈపీఏకి, అంటే అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థకి, బ్రౌన్‌ఫీల్డ్స్ అని ప్రోగ్రామ్ ఉంది, కాలుష్యం భయంతో ఖాళీగా పడున్న పాత స్థలాల కోసం. మొట్టమొదటి పైలట్ 1993లో క్లీవ్‌లాండ్ ఉన్న కయహోగా కౌంటీకే ఇచ్చారు, 2002లో దానికి చట్టం వచ్చింది, 2021 ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చట్టంలో ఇంకో 150 కోట్ల డాలర్లు కలిపారు. ఇందులో టెస్టుల కోసం అసెస్‌మెంట్ గ్రాంట్ అని సిటీలకి, కౌంటీలకి, రీజినల్ ప్లానింగ్ కమిషన్లకి ఇస్తారు. 2018 నుంచి 501 సి 3 నాన్ ప్రాఫిట్లు కూడా అప్లై చెయ్యొచ్చు గానీ ఆ అప్లికేషన్ రాయడం వాలంటీర్లతో అయ్యే పని కాదు. గ్రాంట్ వచ్చినవాళ్లేమో ఆ డబ్బు గడువులోపల ఖర్చుపెట్టాలి, అందుకని వాళ్లే మంచి సైట్ల కోసం వెతుక్కుంటూ ఉంటారు. ఇంకోటి, కాలుష్యం ఉందని మీరు ప్రూవ్ చెయ్యక్కర్లేదు, ఉండొచ్చన్న అనుమానం వల్ల స్థలం వాడకంలోకి రావట్లేదంటే చట్టం లెక్కలో అది కూడా బ్రౌన్‌ఫీల్డే.

మేం చూసింది పాత మెషిన్ షాప్. ప్లానింగ్ కమిషన్‌లో బ్రౌన్‌ఫీల్డ్ చూసే ఆవిడ దగ్గరికెళ్తే చిన్న ఫారం ఇచ్చారు, అడ్రస్, ఓనర్ ఎవరు, కొని ఏం చేస్తారు అంతే. సైట్ ఎలిజిబుల్ అని ఈపీఏ ఓకే చెప్పాక వాళ్ల కన్సల్టెంట్‌నే పంపారు. నిజానికి కష్టమైంది ఓనర్‌తో యాక్సెస్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించడం, ఏదైనా బయటపడితే ఇంకెవరూ కొనరని ఆయన బాధ, అది అర్థం చేసుకోదగ్గదే. నేలలో ఏముందో తెలియక బ్యాంకులు ఎలాగూ లోన్ ఇవ్వట్లేదు, ఇప్పుడు పబ్లిక్ డబ్బుతో తేలిపోతుంది కదా అని ఓపిగ్గా నచ్చజెప్పాం.

టెస్టులు రెండు దశల్లో జరుగుతాయి. మొదటిదైన ఫేజ్ వన్‌లో తవ్వడం ఏమీ ఉండదు, పాత రికార్డులు, ఎక్కడ ఏ బిల్డింగ్ ఉండేదో చూపించే శాన్‌బోర్న్ ఫైర్ ఇన్సూరెన్స్ మ్యాపులు, పాత ఏరియల్ ఫొటోలు చూస్తారు, ఓనర్‌ని అడుగుతారు, స్థలమంతా తిరుగుతారు. కన్సల్టెంట్ వెనక గోడ దగ్గర ఆగి నేల్లోంచి పైకొచ్చిన ఒక సన్నటి ఇనప పైపు చూపించాడు, మేం అదేదో పాత నీళ్ల పైపు అనుకుంటున్నాం, అది భూమిలో ఉన్న ఆయిల్ ట్యాంకుకి గాలి ఆడే వెంట్ పైపట. లోపల ఒకచోట ఫ్లోర్ డ్రెయిన్ చుట్టూ కాంక్రీట్ రంగు మారి ఉంది, మెటల్ పార్టుల జిడ్డు వదలగొట్టడానికి ఆ రోజుల్లో టీసీఈ లాంటి సాల్వెంట్లు వాడేవాళ్లు, అవి డ్రెయిన్‌లోంచి కిందకి దిగుతాయి. ఈ రెండింటి వల్ల రెండో దశ ఫేజ్ టూకి వెళ్లాం, చిన్న డ్రిల్లింగ్ రిగ్‌తో ప్లాస్టిక్ ట్యూబుల్లో మట్టి తీసి పొడవునా కోసి అక్కడక్కడ కెమికల్ ఆవిరి పట్టే మీటర్ పెట్టి చూసి, అనుమానం ఉన్న మట్టిని ల్యాబ్‌కి పంపారు. డ్రెయిన్ దగ్గర సాల్వెంట్ దొరికింది, ట్యాంకు దగ్గర పెద్దగా ఏం లేదు. ఫేజ్ టూ ఖర్చు పదుల వేల డాలర్లలో ఉంటుంది, మా జేబులోంచి అయితే మేం ఆ జోలికే పోయేవాళ్లం కాదు. రిపోర్ట్ చేతిలో పెట్టుకునే రేటు మాట్లాడాం, స్థలం మా పేరు మీదకి మారే క్లోజింగ్ డేట్ కూడా వెనక్కి జరిపించుకున్నాం.

ఇప్పుడు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది చెప్తా. కాలుష్యం క్లీనింగ్ ఎవరి బాధ్యతో చెప్పే 1980 సూపర్‌ఫండ్ చట్టం ప్రకారం పాడుచేసింది ఎవరైనా సరే, కొన్న తర్వాత ఓనర్‌గా ఆ బాధ్యత మీ మెడకి చుట్టుకుంటుంది. దాన్నుంచి రక్షణ కావాలంటే ఫేజ్ వన్ కొనడానికి ముందే అవ్వాలి, ఏడాది దాటకూడదు, అందులో ఇంటర్వ్యూలు, రికార్డులు, సైట్ విజిట్ లాంటివి 180 రోజుల లోపువి అయ్యుండాలి. కౌంటీ చేయించింది కదా అని ఊరుకోకండి, రిపోర్ట్‌లో యూజర్‌గా, అంటే ఆ రిపోర్ట్ వాడుకునేవాళ్లుగా, మీ అసోసియేషన్ పేరు ఉందో లేదో చూసుకోండి, ఈ ముక్క మాకు లాయర్ చెప్పాడు. కొన్నాక కూడా కాలుష్యం ఇంకా పాకకుండా చూసుకునే బాధ్యత మీదే.

క్లీనింగ్‌కి మాత్రం ఈ అసెస్‌మెంట్ డబ్బు వాడనివ్వరు, ప్లాన్ వరకే. ఈపీఏ క్లీనప్ గ్రాంట్ వేరే ఉంది, దానికి స్థలం మీ పేరు మీద ఉండాలి, ఒహాయో స్టేట్‌కి కూడా 2021లో మొదలుపెట్టిన బ్రౌన్‌ఫీల్డ్ ప్రోగ్రామ్ ఉంది. మీ కౌంటీకి గ్రాంట్ లేకపోయినా ఈపీఏ రీజినల్ ఆఫీస్‌ని టార్గెటెడ్ బ్రౌన్‌ఫీల్డ్స్ అసెస్‌మెంట్ అని అడగండి, వాళ్ల కాంట్రాక్టర్‌తోనే చేయిస్తారు, మీకు గ్రాంట్ లెక్కల తలనొప్పి ఉండదు. ఓనర్‌కి అడ్వాన్స్ ఇచ్చేలోపు ఈ ఫోన్లు చేసెయ్యండి, అగ్రిమెంట్‌లో టెస్టులు అయ్యేదాకా క్లోజింగ్ ఉండదని, రిజల్ట్ బాగోకపోతే అడ్వాన్స్ వెనక్కి ఇవ్వాలని రాయించుకోండి. మీది ఏ కౌంటీనో చెప్తే అక్కడ ఎవర్ని అడగాలో కనుక్కుని చెప్తాను.